విడిగా రాని విడిభాగం

నడుం పట్టేసింది అంటాం. మెడ పట్టేసింది అంటాం. సైకిలు సీటు రాడ్డుకీ అదే మాట. కుర్ర మెకానిక్కులు "జామ్ అయింది" అనో "స్ట్రక్ అయిపోయింది" అనో అంటారు గానీ, వయసు మళ్లినవాళ్లు సీటు మీద చెయ్యేసి ఒకసారి ఊపి చూసి, "పట్టేసిందండీ" అంటారు. ఎవరు పట్టుకున్నారో, ఎందుకు పట్టుకున్నారో ఆ మాటలో ఉండదు. తప్పు ఎవరిదీ కాదన్నట్టు, దానంతట అదే జరిగిపోయినట్టు ఉంటుంది. నిజానికి జరిగేది కూడా దాదాపు అంతే.

పాత సైకిలు ఫ్రేములో పట్టేసే చోట్లు ముఖ్యంగా నాలుగు. సీటు రాడ్డు, హ్యాండిల్ కాడ, పెడల్ క్రాంకుల్ని ఇరుసుకి బిగించే కాటర్ పిన్నులు, ఆ ఇరుసు బేరింగులు కూర్చునే కప్పులు. ఫ్రేమూ ఉక్కే, రాడ్డూ ఉక్కే. రెండింటి మధ్య వెంట్రుకవాసి సందు. ఆ సందులోకి నీళ్లు దిగుతాయి. ఇనుము తుప్పుగా మారినప్పుడు, ఆ తుప్పు రకాన్ని బట్టి, అంతకుముందు ఇనుము ఉన్న చోటుకి రెండు నుంచి ఆరు రెట్లు చోటు కావాలంటుంది. ఉన్నదే వెంట్రుకవాసి. అందుకని తుప్పు రెండు గోడల్నీ నెడుతుంది. బయటి నుంచి చూస్తే రాడ్డు కదలదు. లోపల మాత్రం చోటు కోసం పెనుగులాట.

కృష్ణా డెల్టా ఈ జబ్బుకి అనువైన ఊరు. కాలవ గట్ల తేమ, ఏడాదిలో సగం రోజులు నీళ్లు నిలిచే చేలు, కైకలూరు వైపు చేపల చెరువులు, బందరు, నాగాయలంక దగ్గర ఉప్పు గాలి. వీటికి తోడు అప్పుడప్పుడూ వరద. 2024 సెప్టెంబరు 1న బుడమేరు విజయవాడ మీదకి వచ్చినప్పుడు సింగ్‌నగర్, పాయకాపురం వీధులు రోజుల తరబడి నీళ్లలోనే ఉన్నాయి. గండ్లు పూడ్చడానికే వారం పట్టింది, ఆర్మీ రావాల్సి వచ్చింది. నీళ్లు తీశాక కార్ల గురించి, ఫ్రిజ్‌ల గురించి, సర్టిఫికెట్ల గురించి అందరూ మాట్లాడారు. మెట్ల కింద బురదలో ఉన్న సైకిళ్ల గురించి పెద్దగా ఎవరూ మాట్లాడలేదు. మునిగిన సైకిలు చూడటానికి బాగానే ఉంటుంది. కడిగితే మెరుస్తుంది కూడా. లోపల పట్టేసిందన్న సంగతి కొన్ని నెలల తర్వాత, ఎవరో సీటు ఎత్తు మార్చబోయినప్పుడు బయటపడుతుంది.

అప్పుడు పుట్టే ప్రశ్నలు మెకానిక్కుకి సంబంధించినవిలా కనపడతాయి గానీ, నాకు అవి నీతికి సంబంధించినవి అనిపిస్తాయి. పట్టేసినదాన్ని తీయడానికి ఎంత బలం వాడొచ్చు? ఆ బలం ఎవరి మీద పడుతుంది? అసలు తీయాల్సిన అవసరం ఎవరిది?

*

ముందు ఒక తేడా గుర్తించాలి. బిగించడం వేరు, పట్టేయడం వేరు. సీటు బోల్టు బిగించి ఉన్నప్పుడు రాడ్డు కదలదు. పట్టేసినప్పుడూ కదలదు. తొక్కేవాడికి రెండూ ఒకటే, ఇంకా చెప్పాలంటే పట్టేసిన సీటే గట్టిగా ఉన్నట్టు లెక్క. కానీ బిగించిన బోల్టుని విప్పొచ్చు. విప్పగలిగి ఉండీ విప్పకుండా ఉంచాం కాబట్టి అది మన నిర్ణయం. పట్టేసినదాంట్లో మన నిర్ణయం ఏమీ లేదు.

మాట మీద నిలబడే మనిషికీ మొండివాడికీ ఉన్న తేడా ఇదే అనుకుంటాను. బయటికి ఇద్దరూ ఒకేలా కనపడతారు. ఇద్దరూ కదలరు. మొదటివాడు కదలగలడు, కదలనని నిర్ణయించుకున్నాడు. రెండోవాడికి ఒకప్పుడు కారణం ఉండేదేమో. కారణం కరిగిపోయింది, బిగువు మిగిలింది. 'పట్టువిడుపులు' అని మనకొక జంటపదం ఉంది. అందులో పట్టుని తప్పుపట్టరు. విడుపు లేని పట్టునే తప్పుపడతారు. పట్టుదల గొప్ప గుణమే, అయితే అది తన ఇష్టంతో పట్టుకున్నవాడి గుణం, తుప్పుది కాదు.

ఇంకో మాట కూడా దీని గురించే చెబుతుంది. స్పేర్ పార్టుని మనం విడిభాగం అంటాం. విడిగా దొరికే భాగం అన్న అర్థంలో వచ్చి ఉంటుంది. కానీ ఆలోచిస్తే, విడిగా రాగలిగితేనే అది భాగం. ఫ్రేములో పూర్తిగా పట్టేసిన రాడ్డుని సీటు రాడ్డు అని ఎందుకనాలి? ఫ్రేముకి పైన మొలిచిన కొమ్మ అనొచ్చు. ఎత్తు మార్చడం దాని పని. ఆ పని చెయ్యలేదు. దాన్ని మార్చి ఇంకోటి పెట్టలేం. పేరు మాత్రం భాగం, అది కూడా పాత జ్ఞాపకం కొద్దీ.

'మిళింద పన్హ' అనే పాళీ గ్రంథంలో గ్రీకు రాజు మిళిందుడికీ నాగసేనుడనే బౌద్ధ భిక్షువుకీ మధ్య రథం గురించి ఒక సంభాషణ ఉంది. అమరావతి, నాగార్జునకొండ ఉన్న నదీతీరంలో పుట్టిన మనకి దగ్గరి చుట్టం లాంటి వాదన అది. రాజా, నువ్వు రథమెక్కి వచ్చావు కదా, ఏది రథం? ఇరుసా? చక్రాలా? నొగలా? విడివిడిగా ఏదీ కాదు. అన్నీ కలిసి ఉన్నప్పుడు వాడుకగా పెట్టుకున్న పేరే రథం. మనిషి కూడా అంతే అంటాడు నాగసేనుడు.

ఆ వాదన నాకు ఇష్టం. అయితే అందులో పైకి చెప్పని ఒక నమ్మకం ఉంది. రథాన్ని ఏ భాగానికా భాగం విడదీసి చూపించొచ్చు అన్నదే ఆ నమ్మకం. రాజు రథం కొత్తదై ఉండాలి, రోజూ ఇరుసుకి కందెన పూసే మనుషులు ఉండి ఉండాలి. ఇరుసు చట్రంలో పట్టేసిన రథం ఎక్కి మిళిందుడు వచ్చి ఉంటే నాగసేనుడు ఏం చేసేవాడు? విడదీయడం అనేది ఆలోచనలో జరిగే పని కాదు, చేతులతో చెయ్యాలి, చేతకావాలి, టైము పట్టుద్ది అని మా వైపు మెకానిక్కు ఎవరైనా ఆయనకి చెప్పి ఉండేవాడు. పట్టేసిన వస్తువు ఒక రకంగా నాగసేనుడి వాదనకి ఎదురు సాక్ష్యం. ఇంకో రకంగా చూస్తే ఆ వాదనకి మరింత బలం. ఏకవస్తువుగా కనపడుతున్నది ఎప్పుడూ ఏకవస్తువు కాదు. నెమ్మది మీద రెండైన సంగతి ఎవరో ఒకరు కష్టపడి మళ్లీ నిరూపించాలి.

*

ఇక బలం సంగతి.

ఫ్రేము అడుగున ఇరుసు కూర్చునే గొట్టానికి రెండు వైపులా రెండు కప్పులుంటాయి. చెయిను వైపు కప్పుకి మర ఉల్టాగా ఉంటుంది. తొక్కీ తొక్కీ అది తనంత తనే ఊడిపోకుండా అలా పెట్టారు. సంగతి తెలియనివాడు ఆ కప్పుని మామూలు మరలాగా ఎడమకి తిప్పుతాడు. రాదు. పానాకి పైపు తగిలించి ఇంకా బలంగా తిప్పుతాడు. ఇంకా బిగుసుకుంటుంది. ఇక్కడ తుప్పు తప్పు ఎంతో, తిప్పేవాడి తప్పు ఎంతో చెప్పడం కష్టం. వాడి ఉద్దేశం మంచిదే, కష్టం నిజమైనదే, చెమట నిజమైనదే. కానీ పడ్డ కష్టమంతా పట్టుకే బలమవుతోంది. 'ఇంత కష్టపడ్డాను కదా' అనేది మనం తరచుగా వాడే నైతిక వాదన. పిల్లల దగ్గర, భార్యాభర్తల మధ్య, ఆఫీసుల్లో. ఏ వైపుకి కష్టపడ్డావు అన్న ప్రశ్న ఆ వాదనలో ఉండదు.

కాటర్ పిన్ను ఇంకో పాఠం చెబుతుంది. అది చిన్న మేకు లాంటి చీల. ఒకవైపు ఏటవాలుగా అరగదీసి ఉంటుంది. దాన్ని తీయాలంటే నట్టు విప్పి సుత్తితో కొట్టాలి. పని తెలిసినవాడు కొట్టేముందు క్రాంకు కింద దన్ను పెడతాడు, ఇనప గొట్టమో గట్టి చెక్కో, అది నేలకి ఆనేలా. దన్ను లేకుండా కొడితే పిన్ను రావచ్చు, రాకపోవచ్చు. దెబ్బ మాత్రం ఇరుసులోంచి బేరింగుల మీదకి పోతుంది. కప్పుల్లో సొట్టలు పడతాయి. పిన్నుతో ఏ తగాదా లేని గోళీలు దెబ్బ తింటాయి. ఆ నష్టం వెంటనే తెలియదు. ఆర్నెల్ల తర్వాత తొక్కుతుంటే గరగరమని శబ్దం వస్తుంది. అప్పటికి ఆ సుత్తి దెబ్బ ఎవరికీ గుర్తుండదు.

దెబ్బ కొట్టాక అది ఎక్కడికో పోవాలి. ఎక్కడికి పోవాలో ముందు మనం ఏర్పాటు చెయ్యకపోతే, తప్పించుకోలేనివాళ్ల మీదకి పోతుంది. ఇంట్లో ఇద్దరు పెద్దవాళ్ల మధ్య ఏదో పట్టేసినప్పుడు సుత్తి దెబ్బలు ఎవరి మీద పడతాయో చూసినవాళ్లకి ఇది విడమరిచి చెప్పక్కర్లేదు.

అసలు కాటర్ పిన్ను చెడిపోవడానికే పుట్టింది. ఇరుసు కన్నా, క్రాంకు కన్నా అది చవక. రెండింట్లో ఏదో ఒకటి పోవాల్సి వస్తే పిన్నే పోవాలి. పాత ఇండియన్ సైకిళ్లు, అట్లాస్ అయినా హీరో అయినా హెర్క్యులిస్ అయినా, చాలావరకు ఒకదాని సామాను ఒకదానికి సరిపోయేలా ఉండేవి. కాబట్టి పిన్ను పోయినా బాధ లేదు, వీధి చివర షాపులో ఇంకోటి దొరుకుతుంది. దేన్ని కాపాడాలో తెలియాలంటే దేన్ని పోగొట్టుకోవచ్చో ముందు నిర్ణయించుకోవాలి. సైకిలు తయారుచేసినవాళ్లు ఆ నిర్ణయం మనకోసం ముందే తీసుకున్నారు. జీవితంలో చాలా వాటికి అలా ముందే తీసుకున్న నిర్ణయం ఉండదు.

*

2024 వరదలోనే ఇదే ప్రశ్న ఊరంత సైజులో వచ్చింది. ప్రకాశం బరాజుకి 70 గేట్లు. 1850లలో కట్టిన పాత ఆనకట్టకి 1952లో గండి పడితే, దాని బదులు కట్టి 1957లో వాడకంలోకి తెచ్చారు. ఆ సెప్టెంబరులో 11 లక్షల క్యూసెక్కులు దాటిన ప్రవాహంలో ఎగువ నుంచి పెద్ద ఇనప పడవలు కొట్టుకొచ్చి గేట్ల దగ్గర గుద్దుకున్నాయి. కౌంటర్ వెయిట్లు దెబ్బ తిన్నాయి. పడవలు అక్కడే ఇరుక్కుపోయాయి.

కౌంటర్ వెయిట్ల మరమ్మతు త్వరగానే అయింది. గేట్ల పనిలో చేయి తిరిగిన కన్నయ్యనాయుడు గారి పర్యవేక్షణలో, కాంక్రీటు దిమ్మెల చోట ఉక్కువి అమర్చారు. పడవలు మాత్రం రాలేదు. భారీ క్రేన్లు తెచ్చి లాగారు, కదల్లేదు. డైవర్లు నీళ్లలోకి దిగి కోయడానికి చూశారు. చివరికి వేరే పడవల్ని ఇనప దూలాలతో జత చేసి, ఇరుక్కున్నదానికి గొలుసులు కట్టి, మెల్లగా పైకి లేపుతూ లాగారు. అన్నీ అయ్యేసరికి చాలా రోజులు పట్టింది. వార్తల్లో రోజూ 'నేడు మరో ప్రయత్నం' అని వచ్చేది. చూసేవాళ్లకి విసుగు. ఒక పడవ తీయడానికి ఇన్నాళ్లా అని టీ కొట్ల దగ్గర అందరూ ఇంజనీర్లే.

ఆ విసుగు వెనక ఒక లెక్క తప్పుతోంది. పడవని పేల్చేయడమో, ఇష్టమొచ్చినట్టు లాగడమో పెద్ద పని కాదు. బరాజుకి ఏమీ కాకుండా పడవని తీయడమే పని. పోగొట్టుకోవచ్చు అనుకున్నది పడవ. పోగొట్టుకోకూడనిది ఆ గేట్లు, వాటి వెనక డెల్టా పొలాలకి నీళ్లిచ్చే కాలవలు. ఆలస్యమంతా ఆ రెండింటి మధ్య తేడాని గౌరవించడానికి చెల్లించిన మూల్యం. ఓపిక అంటే బలం లేకపోవడం అనుకుంటాం గానీ, 'ఏది విరగకూడదు' అని నిర్ణయించుకున్న బలానికి ఇంకో పేరే ఓపిక.

*

ఓపిక అనగానే రాబర్ట్ పిర్సిగ్ గుర్తొస్తాడు. 1974లో వచ్చిన 'జెన్ అండ్ ది ఆర్ట్ ఆఫ్ మోటార్‌సైకిల్ మెయింటెనెన్స్'లో పట్టేసిన స్క్రూ గురించి ప్రసిద్ధమైన భాగం ఒకటి ఉంది. సైడ్ కవర్ స్క్రూ ఊడి రాదు. అది రాకపోతే మోటార్‌సైకిల్ బాగుపడదు. అంటే ఆ క్షణాన ఆ చిన్న స్క్రూ విలువ మొత్తం బండి విలువతో సమానం. అలా ఎటూ తోచక ఆగిపోవడాన్ని చెడ్డగా చూడొద్దంటాడు పిర్సిగ్. తెలిసిన జవాబులన్నీ అయిపోయి బుర్ర ఖాళీ అయినప్పుడే వస్తువుని నిజంగా చూడటం మొదలవుతుందట.

ఇంజనీరింగ్ చదివే రోజుల్లో మా తరంలో చాలామందిమి ఆ పుస్తకాన్ని ఒక మతగ్రంథంలా చదివాం. ఇప్పటికీ ఆ భాగం నిజమే అనిపిస్తుంది. కానీ ఒక లోటు. పిర్సిగ్ కథలో బండి తనది, స్క్రూ తనది, ఎదురుచూసే సమయమూ తనదే. మన దగ్గర అలా ఉండదు. సైకిలు ఒకరిది, విప్పేది ఇంకొకరు. ఆగిపోవడంలోని జ్ఞానోదయం యజమానికి, ఆగిపోయిన గంటల నష్టం మెకానిక్కుకి. పట్టేసిన రాడ్డు తీయడానికి ఆయనకి రెండు రోజులు పట్టినా పంక్చర్ నాలుగింటికి వచ్చే డబ్బులు కూడా అడగలేడు. అడిగితే, 'ఇంకాస్త వేస్తే పాత సైకిలే ఇంకోటి వస్తుంది కదా' అంటాం. అందుకే చాలామంది మెకానిక్కులు చూడగానే "తీసేసి కొత్తది కొనుక్కోండి" అంటారు. ఆ మాటని మనం వాడిపారేసే సంస్కృతి అని తిట్టుకుంటాం, సోషల్ మీడియాలో రిపేరు గొప్పతనం గురించి రాసుకుంటాం. ఆయన చెబుతున్నది మాత్రం చాలా సూటిగా ఉంది. మీ ఓపిక ఖర్చు నన్ను పెట్టుకోమంటున్నారు.

ఓపికగా ఉండమని ఎవరికైనా చెప్పేముందు, ఆ ఓపికకి కూలి ఎవరిస్తున్నారో చూడాలి. అత్తగారింట్లో సర్దుకుపొమ్మని చెప్పేవాళ్లూ, ఉద్యోగం కోసం ఇంకో ఏడాది ఆగమని చెప్పేవాళ్లూ, రోడ్డు పనుల కోసం దుకాణాలు మూసుకుని కాస్త సహకరించమని చెప్పేవాళ్లూ ఓపిక గురించి చాలా అందంగా మాట్లాడతారు. మాట్లాడేది వాళ్లు, ఖర్చు పెట్టేది వేరేవాళ్లు.

*

మా తాతయ్య సైకిలు హెర్క్యులిస్, ఇరవై రెండు అంగుళాల ఫ్రేము. పామర్రు దగ్గర మా ఊళ్లో పెదనాన్న ఇంటి వసారాలో గోడకి ఆనించి ఉంటుంది. తాతయ్య పోయి పదకొండేళ్లు. అప్పట్నించీ దాన్ని తుడుస్తారు, గాలి కొడతారు, ఎవరూ తొక్కరు. పోయిన వేసవిలో పెదనాన్న మనవరాలు ఇంటర్‌లో చేరుతూ ఆ సైకిలు అడిగింది. సీటు తనకి చాలా ఎత్తు. దించబోతే పట్టేసింది.

పెదనాన్న వద్దన్నారు. "దాన్ని కదపమాకండి. ఆ ఎత్తు మా నాన్న పెట్టుకున్నది" అన్నారు.

ఇది చాదస్తం అని కొట్టిపారేయడం తేలిక. నేను అలా అనుకోను. ఫొటోలో తాతయ్య మొహం ఉంది. పద్దుల పుస్తకంలో చేతిరాత ఉంది. ఆయన కాళ్లు ఎంత పొడుగో చెప్పే ఆధారం ప్రపంచం మొత్తంలో ఆ సీటు ఎత్తు ఒక్కటే. ఆయన ఒంటి కొలత అక్కడ ఆగి ఉంది. దాన్ని మార్చడం అంటే తుప్పుని వదిలించడం మాత్రమే కాదు. పెదనాన్న దృష్టిలో తుప్పు శత్రువు కాదు, కాపలాదారు.

మనవరాలు మాత్రం, "సీటు దించితే నేనే తొక్కుకుంటా తాతయ్యా. లేకపోతే నెల నెలా ఆటోకి డబ్బులివ్వు" అంది. అందులో కూడా న్యాయం ఉంది. మన ఇళ్లలో సైకిలు సీటు ఎప్పుడూ ఇంట్లో పొడుగాటి మగవాడి ఎత్తుకే ఉండేది. మిగిలినవాళ్లు దానికి సర్దుకునేవాళ్లు. పిల్లలు సీటు ఎక్కలేక ఫ్రేము మధ్యలోంచి కాలు దూర్చి, ఒంటిని విల్లులా వంచి తొక్కేవాళ్లు. దాన్ని మనం తీపి జ్ఞాపకంగా రాసుకుంటాం. తీపిదే, కాదనను. కానీ ఒక బోల్టు విప్పితే దిగే సీటుని దించకుండా పిల్లల ఒళ్లు వంచిన జ్ఞాపకం అది.

సైకిలు షాపు ఆయన్ని ఇంటికే పిలిపించారు. ఆయన రాడ్డు ఊపి చూసి, ముందు అడిగిన మాట, "ఎవరు తొక్కుద్దండీ, పాపేనా?" తర్వాత పెదనాన్న ముఖం చూశాడు. ఏం అర్థమైందో గానీ, సంచిలోంచి ఆకురాయి తీసి, ఫ్రేము అంచు రాడ్డుని తాకే చోట సన్నగా ఒక గీత పెట్టాడు. "ఇదిగోండి, పెద్దాయన ఎత్తు ఇది. మళ్లీ ఎప్పుడు కావాలన్నా ఇక్కడికే పెట్టుకోవచ్చు" అన్నాడు. పెదనాన్న ఏమీ అనలేదు. కుర్చీ తెచ్చుకుని పక్కన కూర్చున్నారు.

ఆ రోజు సీటు బోల్టు తీసేసి, చీలిక సందులో డీజిల్ పోసి వెళ్లిపోయాడు. మర్నాడు ఇరుసు విప్పి, సైకిలు తిరగేసి, అడుగు గొట్టంలోంచి కూడా పోశాడు, తుప్పుకి లోపలి వైపు నుంచీ తడి తగలాలని. వేడి పెడితే త్వరగా వచ్చేదట. ఫ్రేము మీద చేత్తో వేసిన బంగారు గీతలు మాడిపోతాయని పెట్టలేదు. పాప హడావిడి చూసి, "కంగారుపడమాకమ్మా, అదే వచ్చిద్ది" అన్నాడు. మూడో రోజు సైకిలుని షాపుకి తీసుకెళ్లి, రాడ్డు తల బెంచి వైసులో బిగించి, ఫ్రేమునే పట్టుకుని అటో వెంట్రుక, ఇటో వెంట్రుక తిప్పాడు. లాగలేదు, తిప్పాడంతే. తిప్పగా తిప్పగా కీచుమంది. ఎర్రటి పొడి రాలింది. మర్నాడు రాడ్డుని గరుకు కాయితంతో రుద్ది, గ్రీసు పూసి, పాప ఎత్తుకి పెట్టాడు. ఆకురాయి గీత ఫ్రేము లోపలికి వెళ్లిపోయింది. కనపడదు గానీ ఉంది.

నాలుగు రోజులకి ఎంతివ్వాలంటే ఆయన చెప్పిన మొత్తం విని పెదనాన్న రెట్టింపు ఇచ్చారు. "ఆ గీతకి" అన్నారు.

*

ఆ గీత గురించి నేను చాలా ఆలోచించాను. పట్టేసినదాన్ని తీయడం మీద మనకుండే భయం ఏమిటంటే, తీస్తే పోతుంది. మారిస్తే మరిచిపోయినట్టు. అందుకే చాలా వాటిని అలాగే వదిలేస్తాం. ఇంట్లో ఎవరు ముందు తినాలి అన్న పద్ధతి, ఎవరింట్లో మంచినీళ్లు తాగం అన్న పట్టింపు, ఆఫీసులో పదేళ్లుగా ఎవరూ ముట్టుకోని కోడు. నేను పనిచేసే సాఫ్ట్‌వేర్ రంగంలో ఇలాంటి వాటికి ఒకటే మంత్రం, నడుస్తోందిగా, కదపకు. నడుస్తోంది నిజమే. ఎవరి ఎత్తుకి నడుస్తోంది అన్నదే ప్రశ్న. ఒకప్పుడు ఎవరో ఒకరు తన అవసరానికి, బహుశా చాలా మంచి కారణంతో, పెట్టుకున్న ఎత్తు అది. ఆయన కావాలనుకుంటే మర్నాడు మార్చుకోగలిగేవాడు. ఆయన మనకిచ్చింది ఎత్తు మాత్రమే కాదు, మార్చుకోగల సీటు. మనం ఎత్తుని భద్రపరిచి మార్చుకోగలగడాన్ని తుప్పుకి వదిలేశాం. పెద్దవాళ్లని గౌరవించడం అంటే వాళ్లు ఆగిన చోట ఆగిపోవడమా, లేక వాళ్లకున్న వెసులుబాటుని తర్వాతివాళ్లకి అందించడమా అంటే, నేను రెండోదాని వైపు.

అలాగని ప్రతిదాన్నీ విప్పి తీరాలని కాదు. ఎవరికీ అడ్డం లేని పట్టు ఉంటుంది. ఎవరూ తొక్కని సైకిలు వసారాలో అలాగే ఉంటే దాన్ని ఊపి చూడాల్సిన పనేమీ లేదు. పట్టు దానంతట అది నేరం కాదు. తర్వాత తొక్కబోయే మనిషి వచ్చి నిలబడినప్పుడు లెక్క మారుతుంది. మెకానిక్కు మొదట అడిగిన ప్రశ్న, ఎవరు తొక్కుద్దండీ అన్నది, నా మూడు ప్రశ్నల్లో చివరిదానికి జవాబు. ఆ జవాబు తెలిశాకే ఎంత బలం, ఎవరి మీద, ఎంత ఓపిక, ఎవరి ఖర్చు మీద అనే లెక్కలు కట్టడానికి వీలవుతుంది.

ఇంకొక్క సంగతి. సీటు రాడ్డు ఎక్కువ వాడటం వల్ల పట్టేయదు, కదపకపోవడం వల్ల పట్టేస్తుంది. ఏడాదికోసారి, వానలు మొదలయ్యే ముందు, బోల్టు వదులు చేసి, రాడ్డు బయటికి తీసి, తుడిచి, వేలితో కాస్త గ్రీసు పూసి, మళ్లీ అదే ఎత్తుకి పెట్టుకుంటే చాలు. ఎత్తు మార్చనక్కర్లేదు. పది నిమిషాల పని. పెదనాన్న మనవరాలికి ఆ పని షాపు ఆయనే నేర్పాడు. వచ్చే ఏడాదికి తను ఇంకో అంగుళం పెరుగుతుందట, అప్పుడు ఎటూ విప్పాలి కదా అంటోంది.